మాకు పండగ లేని ఏడాది

నా చిన్నప్పుడు మా పేటలో చావు జరిగిన ఇంటికి ఆ ఏడాది క్రిస్మస్ వచ్చేది కాదు. ఎవరు పెట్టిన నియమమో నాకు ఇప్పటికీ తెలీదు. అయ్యగారు, అంటే మా గుడి పాస్టరుగారు, ఎన్నడూ అలా చెప్పినట్టు గుర్తు లేదు. ఊళ్ళో రైతుల ఇళ్ళల్లో మనిషి పోతే ఏడాది పాటు పండగలు చేసుకోరు కదా, అది చూసి మావాళ్ళూ పట్టుకున్నారనుకుంటాను. ఇంటి ముందు నక్షత్రం కట్టరు. గోడలకి సున్నం వెయ్యరు. కొత్త బట్టలు కుట్టించరు. పొయ్యి మీద మూకుడు పెట్టి పిండివంట చెయ్యరు. ఆ రోజు గుడికి కూడా వెళ్ళరు. నలుగురూ సంతోషంగా ఉన్నచోటికి ఏడుపు మొహాలు వేసుకుని వెళ్ళడమేంటని తమంతట తామే ఆగిపోతారు. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు, "ఈ ఏడాది మాకు పండగ లేదండి." అడిగినవాళ్ళు తలూపి వెళ్ళిపోతారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ జవాబు మా ఇంట్లో చెప్పాల్సి వచ్చింది.

మాది నరసాపురానికి దగ్గర్లో, కాలువ గట్టు పక్కనే ఉన్న పేట. నాన్న కామందుగారి చేలో పని చేసేవాడు. అమ్మా, మామ్మా లేసు అల్లేవాళ్ళు. మామ్మంటే నాన్నని కన్న తల్లి. మా వైపు ఆడవాళ్ళందరికీ అదే పని. వంటయ్యాక అరుగు మీద కూచుని, దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని, కొస వంకర తిరిగిన సన్నటి సూదితో ఒక్కో పువ్వూ అల్లుతూ ఉండేవారు. ఆ పువ్వులన్నీ కలిపి వేరేవాళ్ళు బల్లగుడ్డలుగా అతికేవారు. అమ్మ అల్లిక చాలా సన్నం. మామ్మ కోడల్ని నోరారా మెచ్చుకునే రకం కాదు. కానీ అల్లినవి తీసుకెళ్ళే మనిషి వచ్చినప్పుడు అమ్మ పువ్వులు పైన పెట్టి, తనవి కింద పెట్టి చూపించేది. ఆవిడ మెచ్చుకోవడం అంతవరకే.

ఆ ఏడాది వానలు ఆగే రోజుల్లో అమ్మ పురిట్లో పోయింది. పుట్టిన తమ్ముడూ దక్కలేదు. అమ్మకి కష్టంగా ఉందని నాన్న పడవ మాట్లాడి పట్నం తీసుకెళ్ళాడు. నన్ను పక్కింటి అక్క వాళ్ళింట్లో కూచోబెట్టి, అమ్మ కోసం ప్రార్థన చెయ్యవే అంది. చేశాను. నాకు వచ్చినవన్నీ చేశాను. గుడిలో నేర్పింది, బడిలో నేర్పింది, అన్నం ముందు చేసేది కూడా వదల్లేదు. సాయంత్రానికి అమ్మని మంచం మీద మోసుకొచ్చారు.

ఆ తర్వాత మా ఇల్లు మాట్లాడ్డం మానేసింది. నాన్న చేలోంచి వచ్చి, పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. గుడికి వెళ్ళడం మానేశాడు. అంతకన్నా విచిత్రం, మామ్మ కూడా మానేసింది. ఆదివారం గంట కొట్టగానే అందరికన్నా ముందు వెళ్ళి చాప మీద ముందు వరసలో కూచునే మనిషి, గంట వినబడగానే లేచి పెరట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకునేది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. లేసు సూది కూడా ముట్టుకోలేదు. అమ్మ అల్లిన ఆఖరి పువ్వు ఒకటి బుట్టలో అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

డిసెంబరు వచ్చింది. వెదురు బద్దలు చీల్చి, రంగు కాయితాలు అంటించి, పేటలో అందరూ నక్షత్రాలు కట్టుకున్నారు. కుర్రాళ్ళు లోపల దీపం పెట్టి పైకి లాగుతుంటే నేను మా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మనమెప్పుడు కడదాం అని మామ్మని అడిగాను. "ఈ ఏడాది మనకి పండగ లేదమ్మా" అంది. నా వైపు చూడకుండానే అంది.

పాటల జట్టు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బయల్దేరేది. కంజిరా, తాళాలు, తాడు కట్టి మెడలో వేసుకున్న హార్మోనియం. ఇంటింటి ముందూ ఆగి ఒక పాట పాడి, ప్రార్థన చేసి, పెట్టింది తిని ముందుకి వెళ్ళేవారు. ఒకరోజు పక్కింటి దగ్గర పాట అయింది. మా ఇంటికొస్తారని నేను తలుపు చాటున నిలబడ్డాను. మా వాకిలి దగ్గరికి రాగానే అందరూ నోళ్ళు మూసుకున్నారు. తాళాలు మోగకుండా వేళ్ళతో పట్టుకున్నారు. తల వంచుకుని చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేకుండా దాటిపోయి, అవతలి ఇంటి ముందు మళ్ళీ మొదలెట్టారు. పాపం, వాళ్ళు మర్యాదకే అలా చేశారు. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి మర్యాద ఏం అర్థమవుతుంది? మా ఇంటికి అంటురోగం తగిలినట్టు తప్పుకుని పోయారనుకున్నాను. ఆ సాయంత్రం నాకు వచ్చిన ఏడుపు అమ్మ పోయిన రోజు కూడా రాలేదు.

ఇంకో సంగతి ఉంది. గుడిలో పిల్లలకి కథలు చెప్పేది పక్కింటి అక్కే. ఇంకా పెళ్ళికాని పిల్ల. అల్లరి చేసే మమ్మల్ని కూచోబెట్టడానికి ఏదో ఒకటి చెప్పేది. క్రిస్మస్ రోజున పశువుల తొట్టి దగ్గర మోకరించి మనసారా ఏది అడిగినా యేసయ్య కాదనడని ఒకసారి చెప్పింది. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. అమ్మ పోయి అప్పటికి రెండు నెలలే. ఇంకా ఎంతో దూరం వెళ్ళి ఉండదని నా లెక్క. ఇప్పుడే అడిగితే పంపించేస్తాడు. కానీ మాకు పండగ లేదన్నారే! పండగ లేదంటే ఈ ఏడాది ఆయన మా కోసం పుట్టడన్నమాట. అందరికీ పుడతాడు, మాకు తప్ప. పై ఏడాది దాకా ఆగితే అమ్మ మరీ దూరం వెళ్ళిపోతుంది, పిలిచినా వినబడదు. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుందేమో గానీ, అప్పుడు ఆ భయంతో నాకు అన్నం సయించేది కాదు.

ఆఖరికి నాకొక దారి తోచింది. తూర్పు దేశం నుంచి జ్ఞానులు వచ్చిన కథ ఉంది కదా. వాళ్ళని ఎవరూ పిలవలేదు, వాళ్ళది ఆ ఊరూ కాదు. వెతుక్కుంటూ వచ్చారు, కానుకలు తెచ్చారు, కాబట్టి రానిచ్చారు. నేనూ అలాగే వెళ్ళాలనుకున్నాను. ఇవ్వడానికి నా దగ్గరున్నది అమ్మ అల్లిన ఆ పువ్వొక్కటే.

పండగ రోజు పొద్దున్నే గంటలు మోగాయి. నాన్న చేలో పనేమీ లేకపోయినా తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మామ్మ పెరట్లో గిన్నెలు ముందేసుకుంది. నేను బడికి వేసుకునే గౌను వేసుకుని, పువ్వు గుప్పిట్లో పెట్టుకుని బయటపడ్డాను. దారంతా కొత్త బట్టల పిల్లలు. నన్ను చూసి పలకరించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయారు.

గుడిలో తోరణాలు, చామంతి దండలు. ముందు మూలన గడ్డి పరిచి, యేసయ్య పుట్టిన పశువుల పాకా, అందులో తొట్టీ పెట్టారు. నేను గుమ్మం దాటేలోపు ఒకావిడ చెయ్యి పట్టుకుంది. వరసకి నాకు అత్త. గుడిలో పిల్లలు గోల చెయ్యకుండా చూసుకునేది ఆవిడే. తిట్టలేదు. పక్కకి తీసుకెళ్ళి, తల నిమిరి, ఎవరి దగ్గరో ఒక అరిసె తీసుకొచ్చి నా రెండో చేతిలో పెట్టింది. "ఈ ఏడాది మీకు పండగ లేదు కదమ్మా. మామ్మ వెతుక్కుంటుంది, ఇంటికెళ్ళిపో నా తల్లీ" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. కసిరితే ఎదురు తిరిగేదాన్నేమో. అంత మెత్తగా పంపించేస్తే ఏం చెయ్యను? వెనక్కి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళలేదు. కాలువ రేవు మెట్ల మీద కూచున్నాను. అరిసె నీళ్ళల్లోకి విసిరేద్దామనుకుని, ఆకలేసి తినేశాను. తిన్నందుకు సిగ్గేసి మళ్ళీ ఏడ్చాను.

మామ్మ అక్కడే నన్ను పట్టుకుంది. పేటంతా వెతికినట్టుంది, రొప్పుతోంది. వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత పక్కన కూలబడి, ఎక్కడికి పోయావే అని అడిగింది. అంతా చెప్పాను. అమ్మని ఇమ్మని అడగడానికి వెళ్ళానని, మనకి పండగ లేదు కాబట్టి లోపలికి రానివ్వలేదని, మనకి యేసయ్య పుట్టలేదు కదా మామ్మా అని. గుప్పిట తెరిచి పువ్వు చూపించాను. చెమటకి నలిగిపోయి ఉంది.

మామ్మ ఆ పువ్వుని చాలాసేపు చూసింది. "పండగ లేదన్నాను" అంది. "ఆయన లేడని ఎప్పుడన్నానే?"

ఆవిడ లేచి కొంగు బిగించి నా మణికట్టు పట్టుకుంది. నీరుకావి పట్టిన పాత చీర, అంచుకి పెరటి బురద, రెండు నెలలుగా నూనె ఎరగని జుట్టు. అలాగే నన్ను ఈడ్చుకుంటూ గుడి వైపు నడిచింది.

అయ్యగారు ప్రసంగంలో ఉన్నారు. గుమ్మం దగ్గరి అత్త అడ్డం రాబోయి మామ్మ మొహం చూసి తప్పుకుంది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మధ్య ఉన్న దారిలోంచి మమ్మల్నిద్దర్నీ అందరూ చూస్తుండగా మామ్మ తిన్నగా ముందుకి వెళ్ళి, ఆ పాక ముందు మోకాళ్ళ మీద పడింది. పడి, గొంతెత్తి ఏడ్చింది.

మామూలు ఏడుపు కాదు. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు మాటలు కట్టి, రాగం తీసి శోకం పెడతారు. అది. అమ్మ పోయిన రోజు కూడా మామ్మ అలా ఏడవలేదు. కొడుకు బెంగటిల్లిపోతాడని నోట్లో కొంగు కుక్కుకుని తిరిగింది. ఆ రోజు ఆపుకున్నదంతా క్రిస్మస్ పూట, కొత్త బట్టలు కట్టుకున్న అంతమంది మధ్య బయటపెట్టింది.

"నా కోడలేం చేసిందయ్యా నీకు! వేలు విరిచినా నోరెత్తని పిల్లే! నీ మీద కోపంతో రెండు నెలలు నీ గుమ్మం తొక్కలేదయ్యా! నీ మొహం చూడ్డం ఇష్టం లేక పండగ లేదని వంక పెట్టానయ్యా! నా మనవరాలు నువ్వు పుట్టలేదనుకుందయ్యా, నావల్లేనయ్యా!"

నాకు భయమేసింది. మామ్మకి దేవుడంటే కోపమని నాకు అప్పుడే తెలిసింది. తోమిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ ఎందుకు తోమిందో అప్పుడే తెలిసింది. మగవాళ్ళలోంచి ఇద్దరు లేచారు, ఆవిణ్ణి బయటికి తీసుకెళ్దామని కాబోలు. అయ్యగారు చెయ్యి ఎత్తి వాళ్ళని కూచోమన్నారు. ప్రసంగం ఆపేసి, మెట్లు దిగి వచ్చి, మామ్మకి కాస్త ఎడంగా నేల మీద కూచున్నారు. ఓదార్చలేదు. ప్రార్థన కూడా మొదలెట్టలేదు. ఊరికే తల వంచుకుని కూచున్నారు.

ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక మామ్మ నా వైపు తిరిగింది. "అడుగు. నువ్వేం అడగాలని వచ్చావో గట్టిగా అడుగు" అంది. నేను తొట్టి దగ్గరికి వెళ్ళాను. అందులో ఉన్నది రంగు పోయిన చిన్న మట్టిబొమ్మ. పువ్వు గడ్డి మీద పెట్టి, "మా అమ్మనియ్యి" అన్నాను. గుడంతా వినబడింది. నేను గుమ్మం వైపు తిరిగి చూశాను కూడా, వస్తుందేమోనని. ఏమీ జరగలేదు.

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, ముక్కు చీదింది. "ఇప్పుడు పాడించండి అయ్యగారూ" అంది. ఎవరూ ఎత్తుకోలేదు. చివరికి తనే ఎత్తుకుంది. బొంగురు గొంతు, శ్రుతి లేదు, మధ్యలో ఎక్కిళ్ళు. రెండో చరణానికి వెనకనుంచి అత్త కలిసింది, తర్వాత ఒక్కొక్కరూ. ఆ పాట అంత అపశ్రుతిగా నేనెప్పుడూ వినలేదు. అంతమంది అంత ఏడుస్తూ పాడటం కూడా వినలేదు.

తిరిగి వస్తూ దారిలో అడిగాను, అమ్మ వస్తుందా అని. రాదు, అంది మామ్మ. చిన్నపిల్లనని దాచలేదు.

"మరెందుకు అడగమన్నావు?"

"కడుపులో ఉన్నది దాచుకుని పైపైన పాట పాడితే ఆయనకి తెలీదటే? కోపమైతే కోపమే పట్టుకెళ్ళాలి. ఏడుపైతే ఏడుపే. నేనైతే నా కోపాన్నీ ఏడుపునీ ఇంట్లోనే దాచేద్దామనుకున్నాను. కుదరలేదు."

ఆ మాటతో నాకేమీ ఊరట కలగలేదని నిజం చెప్పాలి. అమ్మ రాదని తెలిశాక మామ్మ మీదా, పక్కింటి అక్క మీదా, ఆ మట్టిబొమ్మ మీదా కోపం వచ్చింది. ఇచ్చిన పువ్వైనా వెనక్కి తెచ్చుకుందామని నాలుగు రోజుల తర్వాత గుడికి పరిగెత్తాను. పాక విప్పేశారు. గడ్డి ఎవరి గేదెకో వేసేశారట. అమ్మ చేతి పని మా దగ్గర మిగిలింది అదొక్కటే. దాని గురించిన దిగులు నాకు ఇప్పటికీ పోలేదు. అలా ఇచ్చేసినందుకు గర్వపడాలని తర్వాత గుడిలో ఎవరో అన్నారు. గర్వం ఎన్నడూ రాలేదు, బాధే.

నాన్న ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు గుడికి రాలేదు. మామ్మ రమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. నేను హైస్కూల్లో ఉండగా ఒక మామూలు ఆదివారం, ఏ పండగా కాదు, వచ్చి వెనక గోడకి ఆనుకుని కూచున్నాడు. ప్రార్థన సగంలోనే లేచి వెళ్ళిపోయాడు. పై వారం మళ్ళీ వచ్చాడు.

మామ్మ పోయి యాభై ఏళ్ళు దాటింది. నేను టీచరుగా చేసి రిటైరై నరసాపురంలోనే ఉంటున్నాను. ఇప్పుడు క్రిస్మస్ అంటే మా వీధి చివర నిలువెత్తు సౌండు బాక్సులు, రంగులు మారే కరెంటు నక్షత్రాలు. గుడిలో పాటెత్తుకోగానే సగం మంది ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తారు. ఏ చీర మీద ఏ జాకెట్టు బావుందో చూడ్డంలో నేనూ తక్కువ తినలేదు, అబద్ధమెందుకు. కానీ చావింటివాళ్ళు మాత్రం ఇప్పటికీ రారు. మూడేళ్ళ క్రితం మా ఆయన పోయినప్పుడు మా పిల్లలూ అదే మాటన్నారు, "ఈ ఏడాది మనకి పండగ లేదమ్మా" అని. పెద్దమనవడు నక్షత్రం డబ్బా తెరవబోతే వాళ్ళమ్మ కసిరింది. నేను వాళ్ళతో వాదించలేదు. ఇంట్లో కట్టుకునే వెలిసిన చీరతోనే గుడికి వెళ్ళి ముందు వరసలో కూచున్నాను.

మామ్మలా గొంతెత్తి ఏడుద్దామనే వెళ్ళాను. చేతకాలేదు. చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠాలు చెప్పినదాన్ని, చేతిరుమాలు మడత పెట్టి కళ్ళొత్తుకున్నాను అంతే. ఆ విషయంలో ఏ చదువూ లేని మామ్మ ముందు నేను ఎందుకూ కొరగాను.

కానీ ఒకటి మాత్రం ఏ ఏడాదీ మానలేదు. క్రిస్మస్ రోజు మొదటి పాట ఎత్తుకోగానే అందరూ నోరు తెరుస్తారు. నేను తెరవను. డెబ్భై రెండేళ్ళ ముసలిదాన్ని, కళ్ళు మూసుకుని, మా అమ్మనియ్యి అని అడుగుతాను. మూడేళ్ళుగా మా ఆయన్ని కూడా అడుగుతున్నాను. యేసయ్య ఇవ్వడు. కాసేపు కోపం వస్తుంది, అది కూడా ఆయనకే చెప్తాను. రెండో చరణం వచ్చేసరికి పాడతాను.